డబ్బు లేక తీసేస్తే డబ్బు లేదనే రాయండి: స్టార్టప్ ఉద్యోగుల ప్రణాళిక

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం చుట్టుపక్కల చిన్న కంపెనీల్లో పనిచేసేవాళ్లం మేము. కోడ్ రాస్తాం, డిజైన్లు గీస్తాం, కస్టమర్ల ఫోన్లు ఎత్తుతాం, లెక్కలు చూస్తాం, ఆర్డర్ల కోసం ఎండలో తిరుగుతాం. 2015లో స్టార్టప్‌లకు తోడ్పడే టీ-హబ్ మొదలైంది. 2016 జనవరిలో స్టార్టప్ ఇండియా వచ్చింది. అప్పటినుంచి హైదరాబాద్‌లో స్టార్టప్‌ల మీద సభలకు కొదవ లేదు. ఫౌండర్లు మాట్లాడతారు, ఇన్వెస్టర్లు మాట్లాడతారు, మంత్రులు మాట్లాడతారు. జీతానికి పనిచేసే మనిషి చేతికి మైకు రావడం అరుదు. అందుకే ఈ వేదిక పెట్టుకుంటున్నాం.

ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. స్టార్టప్ మూతపడొచ్చని తెలిసే చేరాం. పెద్ద కంపెనీలో బెంచ్ మీద కూర్చోవడం కన్నా ఇక్కడైతే పని వస్తుందని, చేసిన పని కళ్లముందు కనబడుతుందని వచ్చాం. ఆ ఇష్టం ఇప్పటికీ పోలేదు. శాశ్వత ఉద్యోగం ఇవ్వమని మేం అడగడం లేదు. రిస్కు ఫౌండర్‌కూ ఉంది, మాకూ ఉంది. అది ఎంతో ఒకరికే తెలిసి రెండోవారికి తెలియకపోవడాన్ని మాత్రం ఒప్పుకోం.

బ్యాంకులో 6 కోట్లు ఉన్నాయనుకోండి. రాబడి పోను నెలకు 75 లక్షలు ఖర్చవుతుంటే ఆ కంపెనీ ఇంకా ఎనిమిది నెలలు నడుస్తుంది. దీన్నే రన్‌వే అంటారు. చిన్న భాగహారం. ఫౌండర్‌కు ఈ అంకె తెలుసు. పెట్టుబడి ఒప్పందంలో ముందే రాయించుకుంటారు కాబట్టి ఇన్వెస్టర్లకూ లెక్కలు అందుతాయి. ఆ జీతాన్ని నమ్ముకుని ఇంటి లోన్ తీసుకున్న ఉద్యోగికి అందవు. అతనికి అందేవి గుర్తులు మాత్రమే. కాఫీ మెషిన్ వెళ్లిపోతుంది. ఆఫీసు సొంత ఫ్లోర్ నుంచి కో-వర్కింగ్‌లోకి మారుతుంది. ఒకటో తారీఖున పడే జీతం ఏడున పడుతుంది, మరుసటి నెల పదిహేనున. అద్దాల గదిలో మీటింగ్ కాస్త సాగితే బయట అందరి చూపులూ అటే. సోమవారం పదింటికి హెచ్‌ఆర్‌తో 'క్విక్ కాల్' అని శుక్రవారం సాయంత్రం క్యాలెండర్‌లో కనబడిందంటే ఆ శనాదివారాలు నిద్ర ఉండదు. పని ఒత్తిడి, పని ఒత్తిడి అని అందరూ అంటారు. లాంచ్ వారంలో రాత్రి పదకొండుదాకా ఉండి పనిచేశాం, ఇష్టంగానే చేశాం. రేపు ఏమవుతుందో తెలియని భయాన్ని నెలల తరబడి మోస్తూ చేయడమే మా వల్ల కావడం లేదు.

అంతకన్నా లోతుగా తగిలేది ఇంకొకటుంది. డబ్బు అయిపోయినప్పుడు చాలాచోట్ల ఆ మాట పైకి చెప్పరు. లేఆఫ్ అంటే వార్త అవుతుంది, తర్వాతి రౌండ్ ఫండింగ్‌కు అడ్డొస్తుంది. అందుకని మనిషిని పిఐపిలో, అంటే పనితీరు మెరుగుపరచుకోవాలనే గడువులో, పెడతారు. ఫ్లట్టర్ డెవలపర్‌గా తీసుకున్న అమ్మాయి చేత టెస్టింగ్ చేయిస్తారు, మనుషులు తక్కువున్నారని కస్టమర్ సపోర్ట్ చూడమంటారు, చివరికి కూర్చోబెట్టి "కోడ్ తక్కువ రాశావు" అంటారు. "నువ్వే రిజైన్ చేసెయ్, రికార్డు క్లీన్‌గా ఉంటుంది, రిలీవింగ్ లెటర్‌కు ఇబ్బంది ఉండదు" అంటారు. ఆమె సంతకం పెట్టేస్తుంది. కంపెనీ ఎవరినీ తీసేసినట్టు కాదు. తను మాత్రం పనికిరానిదాన్నని నమ్మేస్తుంది. తర్వాతి ఇంటర్వ్యూలో బాగా తెలిసిన ప్రశ్నకే తడబడుతుంది. జీతం ఎంత కావాలంటే పాతదానికన్నా తగ్గించి చెబుతుంది. ఉద్యోగం పోయిందని ఇంట్లో చెప్పలేక, పొద్దున్నే ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని హాస్టల్ నుంచి బయటపడి, సాయంత్రం దాకా ఎక్కడో గడిపి వచ్చినవాళ్లు మాలో ఉన్నారు. కాన్ఫిడెన్స్ పెంచుకోమని మాకు సలహాలిస్తున్నారు. దాన్ని పోగొట్టింది ఒక అబద్ధపు కాగితం. ముందు ఆ కాగితం మారాలి.

కాబట్టి మా మొదటి కోరిక ఇది: డబ్బు లేక తీసేస్తే, కారణం డబ్బేనని లెటర్‌లో రాయాలి. దానితోపాటు, ఎన్ని నెలల రన్‌వే మిగిలిందో మూడు నెలలకోసారి ఉద్యోగులందరికీ చెప్పాలి. ఆరు నెలలకన్నా తగ్గితే వారంలోగా రాతపూర్వకంగా తెలపాలి. చెబితే అందరూ వెళ్లిపోతారని ఫౌండర్లు అంటారు. చెప్పకపోయినా వెళ్తున్నారు. పరిచయాలున్నవాళ్లు పుకారు వినగానే ముందు వెళ్తున్నారు. పెళ్లి కుదిరినవాళ్లు, లోన్లున్నవాళ్లు, కంపెనీని నిజంగా నమ్మినవాళ్లు చివరిదాకా ఉండి నష్టపోతున్నారు.

మనకు చట్టాలేవీ వర్తించవని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. తెలంగాణ షాపులు, సంస్థల చట్టం (1988)లో పనిగంటల వంటి కొన్ని సెక్షన్ల నుంచి ఐటీ కంపెనీలకు మినహాయింపు ఉంది. తొలగింపు గురించి చెప్పేది 47వ సెక్షన్; అది మీ కంపెనీకి వర్తిస్తుందో లేదో అమల్లో ఉన్న మినహాయింపు ఉత్తర్వులో చూసుకోవాలి. ఆ సెక్షన్ వర్తించే చోట, ఆరు నెలలు పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా, నెల నోటీసో నెల జీతమో ఇవ్వకుండా తీసేయకూడదు. ఏడాది దాటితే, పనిచేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. నువ్వే రిజైన్ చెయ్ అని అంత ప్రేమగా ఎందుకు చెబుతారో దీన్నిబట్టి అర్థం చేసుకోండి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, తొలగించినా మీరే మానేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్‌కు 45 రోజులు పడుతుందనడం కంపెనీల అలవాటు మాత్రమే.

కంపెనీ పూర్తిగా కూలిపోతే చట్టం అంత గట్టిగా ఆదుకోదు. దివాలా కేసు వేయడానికి బకాయి కనీసం 1 కోటి ఉండాలని 2020 మార్చిలో పెంచారు. అంతకుముందు అది 1 లక్ష. నాలుగు నెలల జీతం రావాల్సిన మనిషి ఒంటరిగా ఆ గడప ఎక్కలేడు. 2022లో 22 బిలియన్ డాలర్ల విలువ కట్టిన చదువుల స్టార్టప్ బైజూస్ మీద 2024 జూలైలో దివాలా ప్రక్రియ మొదలైతే, ఉద్యోగులు బకాయి జీతాల కోసం క్లెయిములు వేసుకోవాల్సి వచ్చింది. అందుకే అడుగుతున్నాం: ఫండింగ్ వచ్చిన రోజే రెండు నెలల జీతాలకు సరిపడా డబ్బు వేరే ఖాతాలో వేసి, దాన్ని ఇంక దేనికీ వాడకూడదు.

ఈసాప్‌ల (ఉద్యోగులకిచ్చే షేర్ల ఆప్షన్ల) గురించి, వారానికి 70 గంటల పని గురించి కూడా మాట్లాడాల్సింది ఉంది. అవి తర్వాత. ముందు నిజం చెప్పించుకోవాలి.

ఒకరికొకరం చేసుకునే పని ఈ నెలనుంచే మొదలవుతుంది. హెచ్‌ఆర్ పిలిచిన సభ్యుడితో మాలో ఒకరు ముందుగా మాట్లాడతారు. ఏ కాగితం మీదా అదే రోజు సంతకం పెట్టొద్దని చెబుతారు, ఆ లెటర్ చదివి పెడతారు. ప్రతి నెలా పీఎఫ్ పాస్‌బుక్ చూసుకోవడం గుర్తుచేసుకుంటాం. జీతాలు ఒకరితో ఒకరం దాచుకోం. ఉద్యోగం పోయినవాళ్లు మాక్ ఇంటర్వ్యూలకు కూర్చోవచ్చు. వాళ్లు ఏ పని ఎంత బాగా చేశారో పక్కన కూర్చుని చూసిన సీనియర్లు పేరు పెట్టి రాసిస్తారు. మనసు మరీ కుంగితే ప్రభుత్వ టెలి-మానస్ నంబరు 14416కు ఫోన్ చేయించి, ఆ రోజంతా తోడుంటాం. బెంగళూరు ఐటీ ఉద్యోగులు 2017లోనే యూనియన్ పెట్టుకున్నారు. మేమూ నమోదు చేయించుకుంటాం.

మాలో టీమ్ లీడ్లు, మేనేజర్లు కూడా ఉన్నారు. ఎవరిని పిఐపిలో పెట్టాలో పేర్లు రాసిమ్మని అడిగేది వాళ్లనే. పని నిజంగా సరిగ్గా లేకపోతే ఆ మాట మనిషికి ముఖాముఖి చెబుతామని, ఖర్చు తగ్గించుకోవడానికి వేసే పిఐపి మీద మాత్రం సంతకం పెట్టబోమని వాళ్లు ఈ ప్రణాళిక కింద తమ పేర్లతో ఒప్పుకుంటున్నారు.