దిబ్బ తవ్వితే... దివాణం!

ముప్పాళ్ళ నుంచి సత్తెనపల్లి మీదుగా అమరావతి వెళ్ళేవాళ్ళు అమరేశ్వరుణ్ని దర్శించుకుని వస్తారు. ఆ ఆలయాన్ని బాగుచేయించి, దాని చుట్టూ ఊరికి ఊరే కట్టించిన జమీందారు కథ మాత్రం చాలామందికి తెలీదు. ఆయనే వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు.

చింతపల్లిలో ఉన్న మకాంను 1790లలో ఆయన కృష్ణ ఒడ్డున ఉన్న అమరావతికి మార్చారు. కొత్త రాజధాని అంటే మాటలా? దివాణం కావాలి, వీధులు కావాలి, వచ్చినవాళ్ళకి ఇళ్ళు కావాలి. వీటన్నిటికీ రాయీ, ఇటుకా కావాలి. అవి పక్కనే దొరికాయి... దీపాలదిన్నెలో!

ఆ దిబ్బ కింద ఉన్నది రెండు వేల ఏళ్ళనాటి బౌద్ధ మహాస్తూపం. ఆ సంగతి అప్పట్లో ఎవరికీ తెలీదు. 1798లో కాలిన్ మెకంజీ దొర వచ్చేసరికే చెక్కడపు రాళ్ళు బయటపడ్డాయి. 1816లో ఆయన మళ్ళీ వచ్చి చూస్తే ఏముందీ... దిబ్బ నడిమధ్యన చెరువు! ఎన్నో శిల్పాలు అప్పటికే గోడల్లోకీ, మెట్లలోకీ వెళ్ళిపోయాయి. మిగిలినవాటిలో చాలా భాగం తర్వాత చెన్నై మ్యూజియానికీ, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికీ చేరాయి.

తప్పు ఒక్క జమీందారుదేనా? పాత కట్టడమంటే ఊరికే వచ్చే రాయి అనుకునే అలవాటు మనకింకా పోలేదు. 1948లో మద్రాసు రాష్ట్రంలో జమీందారీల రద్దు చట్టం వచ్చింది. రాబడి పోయిన దివాణాలకి మరమ్మతు చేయించే దిక్కు లేకపోయింది. కప్పు కారితే దూలం పుచ్చుతుంది. దూలం విరిగితే గోడ వంగుతుంది. ఆ తర్వాత తలుపులూ, స్తంభాలూ బేరానికొస్తాయి.

నిలబెట్టుకునే దారి లేకపోలేదు. వనపర్తి రాజావారి భవనంలో 1959లో పాలిటెక్నిక్ పెట్టారు. రాణివాసం ఉన్న చోట పిల్లలు పాఠాలు చదువుకున్నారు. దోమకొండ కోటను జమీందారీ వారసులే బాగు చేయించుకున్నారు. దానికి 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం దక్కింది.

బాగు చేయించేటప్పుడూ జాగ్రత్త అవసరం. గానుగ సున్నంతో కట్టిన గోడకి సిమెంటు పూస్తే చెమ్మ బయటికి పోలేక లోపలే ఉండిపోతుంది. పైకి నున్నగా కనిపిస్తూనే గోడ లోలోపల గుల్లవుతుంది. సున్నపు గోడకి సున్నమే మందు.

మీ ఊళ్ళోనూ ఓ పాత దివాణమో, మండువా లోగిలో ఉండే ఉంటుంది. ఈసారి అటు వెళ్ళినప్పుడు ఓసారి కప్పు వంక చూడండి. పెంకు జారిన చోట సరిచేస్తే వందల్లో పోతుంది. వదిలేస్తే... దీపాలదిన్నెలా దిబ్బ మాత్రమే మిగులుతుంది!