ట్రక్కు తోక ఆడిస్తే తప్పంతా డ్రైవరుదేనా?

చెరకు ట్రక్కు రోడ్డు మీద బోల్తా పడితే కాగితాల్లోకి ఎక్కే మాట ఒక్కటే: డ్రైవరు నిర్లక్ష్యం. ఆ ఒక్క మాటతో మిగతా అందరూ చేతులు కడుక్కుంటారు. ట్రక్కుకు బ్రేకులున్నాయా, బరువు ఎక్కడ పడింది, ఎన్ని టన్నులు ఎక్కించారు అని అడిగే నాథుడు లేడు.

ట్రక్కు ఊరికే ఊగదు. రెండు చక్రాల ట్రక్కులో ఇరుసుకు ముందువైపు బరువు కాస్త ఎక్కువగా ఉంటే డ్రాబారు కిందికి అదిమి ఉంటుంది, బండి బుద్ధిగా వెంట వస్తుంది. బరువు వెనక్కి పోయిందా, డ్రాబారు పైకి లేస్తుంది, ట్రాక్టరు వెనక చక్రాలకు పట్టు తప్పుతుంది. ఇక చిన్న గుంత చాలు. మొదటి ఊపు చిన్నదే. వేగం మీదుంటే మూడో ఊపు చేతికి చిక్కదు.

నాకే జరిగింది. రాత్రి పూట లోడు చేశారు, గడలన్నీ వెనక్కి వేలాడుతున్నాయి. ముందు తేలిగ్గా ఉందని తెలుస్తూనే ఉంది. తెల్లారేలోగా ఫ్యాక్టరీ గేటు చేరకపోతే కటింగ్ ఆర్డరు పోతుందని బయల్దేరాను. కాలవ వంతెన దిగేటప్పుడు ట్రక్కు తోక ఆడించింది. భయంతో బ్రేకు తొక్కాను. వెనక బరువు ముందుకు తోసి ట్రాక్టరును అడ్డం తిప్పింది. ఎదురుగా ఎవరూ రాలేదు కాబట్టి ఇది రాస్తున్నాను.

తొక్కకూడదని తర్వాత తెలిసింది. యాక్సిలరేటరు మెల్లగా వదలాలి, స్టీరింగు తిన్నగా పట్టుకోవాలి. ఊపుకు ఎదురు తిప్పకూడదు, వేగం పెంచి సరిచేద్దామనీ చూడకూడదు. ట్రక్కుకు విడిగా బ్రేకుంటే ముందు అదే, అదీ మెత్తగా. బండి ఆగాక గడలు ముందుకు జరపందే కదలొద్దు.

కోపం వచ్చినా మనవాళ్లకూ ఒక మాట చెప్పాలి. అసలు పిన్ను పోతే దొరికిన బోల్టు దూరుస్తాం. దున్నేటప్పుడు విడదీసిన రెండు బ్రేకు పెడళ్లను రోడ్డెక్కే ముందు కలిపి లాక్ చెయ్యం. ఒక్క పెడలే పడితే ట్రాక్టరు ఒక పక్కకే లాగుతుంది. డీజిలు మిగులుతుందని దిగుడులో న్యూట్రల్ చేస్తాం. మిగిలిన డీజిలు ఆసుపత్రి ఖర్చులో ఎన్నో వంతు?

అయినా ఇవన్నీ మానేసినా సగం ప్రమాదం అలాగే ఉంటుంది. ట్రాక్టరు బరువు రెండు టన్నులు, అటూ ఇటూ. వెనక ఐదారు టన్నుల చెరకు, ట్రక్కు ఇనుము వేరే. బ్రేకుల్లేని ట్రక్కయితే అంత బరువునూ ట్రాక్టరు బ్రేకులే ఆపాలి. అలాంటి ట్రక్కును అమ్మేవాడిదీ, దానికి అప్పిచ్చేవాడిదీ నిర్లక్ష్యం కాదా?

ఇక ఫ్యాక్టరీ. కాటా మీద ప్రతి బండి బరువూ కిలోతో సహా తెలుసు. చెత్త ఉందని తరుగు తియ్యడానికి కళ్లద్దాలు పెట్టుకుని చూసేవాళ్లు, లోడు మితిమీరితే మాత్రం కళ్లు మూసుకుంటారు. కిరాయి టన్నుల లెక్కన ఇస్తూ, గేటు బయట రాత్రంతా నిద్ర లేకుండా నిలబెట్టి, డ్రైవరు జాగ్రత్తగా ఉండాలంటే ఎలా?

ప్రమాదం జరిగాక బీమా కంపెనీ లైసెన్సు పేచీ పెడితే బెదరొద్దు. ట్రాక్టరు లైసెన్సున్నవాడు ట్రక్కు తగిలించినంత మాత్రాన అనర్హుడు కాడని సుప్రీంకోర్టు నాగశెట్టి కేసులో 2001లోనే చెప్పింది.

ఈ సీజను గేటు తెరిచేలోపే యాజమాన్యాల ముందు మూడు పెట్టాలి. ఆలస్యమైతే ఆర్డరు రద్దు కాకూడదు. కిరాయి టన్నుకు కాక దూరాన్ని బట్టి ట్రిప్పుకు కట్టాలి. ట్రక్కులకు బ్రేకులు బిగించే ఖర్చులో ఫ్యాక్టరీ వాటా పెట్టాలి. ఒప్పుకోకపోతే కాటా దగ్గరే కూర్చుందాం.