పైన పటారం, లోన తుప్పు

పికప్ ట్రక్కు అనగానే మనవాళ్ళకి ముందు టెక్సస్ గుర్తొస్తుంది. మలేషియాలో కొన్నాళ్ళు ఉన్నవాళ్ళని అడిగితే వేరే మాట చెబుతారు. కౌలాలంపూర్ దాటి కాస్త దూరం వెళితే చాలు, హైలక్సులు, ట్రైటన్లు, డి-మాక్సులు వరసగా ఎదురవుతాయి. ఎరువుల బస్తాలూ, ఆయిల్‌పామ్ గెలలూ మోసేది ఇవే. పేరాక్ రాష్ట్రంలో బాగన్ దాతుక్ చుట్టుపక్కల తాతల కాలం నుంచీ ఉంటున్న తెలుగు కుటుంబాలకి ఇవి కొత్తేమీ కాదు. ఇప్పుడు సైబర్‌జాయలో కోడు రాసుకునే మనవాళ్ళలో కూడా కొందరికి ఈ మోజు పట్టుకుంది. బండి కొన్న వారానికే వచ్చే ప్రశ్న ఒకటుంది: "తొట్టికి స్ప్రే లైనర్ కొట్టిద్దామనుకుంటున్నాను, ఏ బ్రాండు మంచిదంటారు?"

బ్రాండు సంగతి తరవాత చూసుకోవచ్చు. నా ఉద్దేశంలో ముందు అడగాల్సినవి రెండు. పూతకి ముందు రేకుని ఎలా తయారు చేస్తారు? పూత కొట్టే మనిషి ఏ గాలి పీలుస్తాడు? ఈ రెంటికీ సరైన జవాబు దొరకని చోట లైనర్ వేయించకపోవడమే మేలు.

అసలు లైనర్ ఎందుకో చూద్దాం. ఫ్యాక్టరీలో వేసే రంగు మందం మిల్లీమీటరులో పదోవంతు, కాస్త అటూఇటూగా. ఒక ఇనప పెట్టెని ఈడిస్తే చాలు, గీత రేకుదాకా దిగుతుంది. దీనికి పాత మందు, తొట్టి ఆకారంలో పోతపోసిన ప్లాస్టిక్ లైనర్. తెచ్చి లోపల కూర్చోబెట్టి బిగిస్తారు. చవక, కావాలంటే తీసేయొచ్చు. కానీ ప్లాస్టిక్‌కీ రేకుకీ మధ్య సందు ఉంటుంది. అందులోకి నీళ్ళూ, ఇసకా చేరతాయి. బండి అదిరినప్పుడల్లా ఆ ఇసక శాండ్‌పేపర్‌లా రంగుని అరగదీస్తుంది. కౌలాలంపూర్‌లో ఏటా కురిసే వాన 2,000 మిల్లీమీటర్ల పైమాటే. ఆ తడి సందులో ఆరే అవకాశం తక్కువ. నాలుగైదేళ్ళ తరవాత లైనర్ ఎత్తి చూస్తే కింద ఏముంటుందో వేరే చెప్పక్కర్లేదు.

స్ప్రే లైనర్‌లో ఈ సందు ఉండదు. ఐసోసయనేట్ అనే రసాయనం ఒక గొట్టంలోంచి, దానితో కలిసే రెసిన్ ఇంకో గొట్టంలోంచి వచ్చి తుపాకీ మూతి దగ్గర కలుస్తాయి. రెండోది పాలియాల్ అయితే తయారయ్యేది పాలీయురెథేన్, అమీన్ అయితే పాలీయూరియా. మంచి యంత్రాలు ఈ రెంటినీ వేడిచేసి, చాలా ఎక్కువ ఒత్తిడితో చిమ్ముతాయి. పాలీయూరియా కొన్ని సెకన్లలోనే గట్టిపడుతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల మందాన, అతుకు లేకుండా రేకుని పట్టుకుంటుంది. అమెరికాలో రైనో లైనింగ్స్ 1988లోనూ, లైన్-ఎక్స్ 1993లోనూ మొదలై ఈ పద్ధతికి బాగా ప్రచారం తెచ్చాయి.

ఇంతవరకూ ఏ బ్రోషరు చూసినా దొరుకుతుంది. బ్రోషరులో కనపడనిది తేమ సంగతి. ఐసోసయనేట్‌కి నీళ్ళు తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుట్టి పూతలో బుడగలు లేస్తాయి. పాలీయూరియా త్వరగా గట్టిపడుతుంది కాబట్టి గాలిలో తేమని కొంతవరకూ తట్టుకుంటుంది. తడి రేకుని మాత్రం ఏ పూతా పట్టుకోదు. ఏసీ ఆఫీసులోంచి బయటికి రాగానే మన కళ్ళద్దాలు మసకబారతాయి కదా, చల్లటి రేకుమీద జరిగేదీ అదే. పూతల పనిలో ఒక నియమం ఉంది: రేకు ఉష్ణోగ్రత, మంచు పట్టే ఉష్ణోగ్రత కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువుండాలి. ఇక్కడ ఏడాది పొడుగునా మంచు పట్టే ఉష్ణోగ్రత 23, 24 డిగ్రీల దగ్గర తిరుగుతూ ఉంటుంది. రాత్రంతా ఆరుబయట ఉన్న బండికి పొద్దున్నే పూత కొడితే ఈ నియమం తప్పినట్టే.

ఇంకొకటి, ఉప్పు. ఎరువులు మోసిన తొట్టిలో క్లోరైడ్ లవణాలు మిగిలిపోతాయి. బాగా కడగకుండా పూత వేస్తే అవి తేమని లాక్కుని పూత కిందే పొక్కులు లేపుతాయి. అందుకే కడగడం, జిడ్డు తీయడం, ఉన్న తుప్పు గోకడం, మెరుపు పోయేదాకా రుద్దడం, నీళ్ళు పోయే చిల్లులు మూసుకుపోకుండా చూడటం, ఇదంతా ఓపికతో చేయాల్సిన పని. స్ప్రే చేయడానికి పట్టే సమయం దీని ముందు చాలా తక్కువ. మన భాషలో చెప్పాలంటే ఇది రోల్‌బ్యాక్ లేని డిప్లాయ్‌మెంటు. వేసిన పూత తీయాలంటే గ్రైండరే గతి. తప్పు చేస్తే తుప్పుని మూతపెట్టి దాచినట్టే. ఆర్నెల్లదాకా మెరుస్తుంది, ఫొటోల్లో బావుంటుంది.

ఇక రెండో ప్రశ్న. నాకు ఇది మొదటిదానికన్నా ముఖ్యం. ఐసోసయనేట్ అంటే మనకి 1984 నాటి భోపాల్ గుర్తుకు రావాలి. లైనర్‌లో సాధారణంగా వాడేది ఎండీఐ. భోపాల్‌లో వెలువడిన వాయువు కాదిది, అంత సులువుగా ఆవిరి కూడా కాదు. కానీ స్ప్రే చేసినప్పుడు సన్నటి తుంపరగా ఊపిరితిత్తుల్లోకి వెళ్ళగలదు. ఒకసారి శరీరానికి పడకుండా పోయిందంటే తరవాత అతి కొద్ది మోతాదుకే ఉబ్బసం కమ్ముకుంటుంది. అమెరికాలో వృత్తి ఆరోగ్యాన్ని పరిశోధించే ప్రభుత్వ సంస్థ నియోష్, 2006లో సరిగ్గా ఈ ట్రక్కు లైనర్ల పనిమీదే హెచ్చరిక విడుదల చేసింది. మిషిగన్‌లో 2003లో వ్యాను లోపల పూత కొట్టాక ఉబ్బసంతో చనిపోయిన ఒక పనివాడి ఉదంతం దాని వెనకాల ఉంది. ఈ పనికి బయటినుంచి గొట్టం ద్వారా శుభ్రమైన గాలి అందించే మాస్కు కావాలి. గుడ్డ మాస్కు ఎందుకూ పనికిరాదు. యూరప్‌లో 2023 ఆగస్టు నుంచి ఇలాంటి రసాయనాలతో పనిచేసేవాళ్ళకి శిక్షణ తప్పనిసరి. మలేషియాలోనూ ప్రమాదకర రసాయనాల వాడకం మీద 2000లో చేసిన నిబంధనలున్నాయి. పనివాళ్ళకి వచ్చే ముప్పుని అంచనా వేసే బాధ్యత వాటి ప్రకారం యజమానిది.

చవక కొటేషన్ వచ్చిందంటే ఎక్కడో కోత పడిందని అర్థం. రసాయనం ధర షాపువాడి చేతిలో ఉండదు. వాడు తగ్గించుకోగలిగేవి రెండే: రుద్దే గంటలు, గాలి యంత్రం ఖర్చు. మొదటి కోత మీ బండి మీద తేలుతుంది. రెండోది, మీరెప్పుడూ పేరడగని ఒక కుర్రాడి ఊపిరి మీద. అతను చాలాసార్లు మనలాగే పొట్ట చేతపట్టుకుని వేరే దేశం నుంచి వచ్చినవాడై ఉంటాడు. వీసా రెన్యువల్ గురించి రాత్రిళ్ళు ఆలోచించిన మనకి, అతను మాస్కు అడగడానికి ఎందుకు జంకుతాడో ఒకరు చెప్పాలా?

కాబట్టి నా సలహా ఇది. వారానికోసారి చేపలవేటకి వెళ్ళే బండికి రబ్బరు చాప చాలు, అప్పుడప్పుడూ ఎత్తి ఆరబెట్టుకోండి. రోజూ బరువులు మోసే బండైతే స్ప్రే లైనర్ మంచి పెట్టుబడే. కొట్టించే ముందు షాపుకి వెళ్ళి వేరేవాళ్ళ బండికి చేస్తుంటే చూడండి. రుద్దడం చూడండి, రేకు ఉష్ణోగ్రత కొలుస్తున్నారో లేదో చూడండి. తుపాకీ పట్టుకున్న మనిషి మొహానికి గాలి గొట్టం లేకపోతే వెనక్కి వచ్చేయండి. ఎందుకు వెళ్ళిపోతున్నారో యజమానికి చెప్పి మరీ రండి.