కంచం ఒకటే, మౌత్‌గార్డు ఎవరిది వారిదే

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు ముందుగా "విద్య - మన బాధ్యత" అని మొదలుపెట్టాను. రెండు పేరాలు రాసి చింపేశాను. అలాంటి వ్యాసాలు మన సంచికలో ఎలాగూ నాలుగైదు ఉంటాయి, పెద్దవాళ్లు నాకంటే బాగా రాస్తారు. నేను ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాణ్ణి నేనే. కాబట్టి చదువు గురించే రాయాలని అందరూ అనుకుంటారు. కానీ నేను రాయదలచుకున్నది స్టోర్ రూములో బియ్యం బస్తాల పక్కన ఉండే నల్ల సంచి గురించి. మన బాక్సింగ్ సామాను సంచి. దాని జిప్పు తీస్తే వచ్చే వాసనను మన హాస్టల్లో చదివినవాళ్లెవరూ మరిచిపోరు.

నేను ఇంటర్ చదివే రోజుల్లో ఆ సంచిలో మూడు జతల గ్లోవ్స్, రెండు హెడ్‌గార్డులు, నడుముకు కట్టుకునే గార్డు ఒకటి, మౌత్‌గార్డు ఒకటి ఉండేవి. ఆడేవాళ్లం పద్నాలుగు మందిమి. ఇద్దరు స్పారింగ్ చేస్తుంటే మిగతా పన్నెండు మంది చుట్టూ నిలబడి అరిచేవాళ్లం. మౌత్‌గార్డు ఒక్కటే కాబట్టి, తనకంటే పెద్దవాడితో ఆడేవాడికి ఇచ్చేవాళ్లం. ఒకడి నోట్లోంచి తీసి, కుళాయి కింద రెండుసార్లు ఆడించి, ఇంకొకడు పెట్టుకోవడమే. అది మాకు తప్పుగా అనిపించలేదు. నిజం చెప్పాలంటే గొప్పగా అనిపించేది.

ఎందుకు గొప్పో మన హాస్టల్ వాళ్లకు చెప్పక్కర్లేదు. మన తాతల కాలంలో హోటల్లో మనకు వేరే గ్లాసు. మా బాపు చిన్నప్పుడు కూడా చాయ్ తాగిన గ్లాసు తానే కడిగి చూరులో పెట్టి వచ్చేవాడట. అలాంటి ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలం ఇక్కడ ఒకే కంచంలో తిన్నాం. ఒకడి చొక్కా ఇంకొకడు వేసుకుని ఇంటర్వ్యూలకు వెళ్లాం. "నాది ముట్టుకోకు" అన్న మాట మన గదుల్లో బూతు కంటే చెడ్డ మాట. అందుకే టౌనులో కోచింగ్ ఇచ్చే ఒక సార్ దగ్గరకు మొదటిసారి వెళ్లినప్పుడు, ఆయన "మీ హెడ్‌గార్డు మీరే తెచ్చుకోండి, మా పిల్లలవి పెట్టుకోవద్దు" అంటే నా చెవులు వేడెక్కాయి. మళ్లీ ఆ గ్లాసే అనుకున్నాను. మర్నాటి నుంచి వెళ్లలేదు. నెల పోయాక తెలిసింది, సొంత కొడుక్కి కూడా ఆయన అదే మాట చెప్తాడని. ఆయన మనసులో ఏముందో ఇప్పటికీ తేల్చి చెప్పలేను. చెప్పిన మాట మాత్రం సరైనదే.

నా పన్ను విరిగింది ఆ తర్వాతే. మన సంచిలో ఉన్నది వేడి నీళ్లలో ముంచి కొరికితే పళ్ల అచ్చు పడే రకం మౌత్‌గార్డు. ఆ అచ్చు నాకంటే అయిదారేళ్ల ముందు చదివిన ఎవరో అన్నది. నా నోట్లో అది వదులుగా ఉండేది, పళ్లు బిగించి పట్టుకుంటేనే నిలిచేది. డిగ్రీ చదివే అన్నతో ఆడుతుండగా జారి కింద పడింది. "ఆగన్నా" అనడానికి నోరు తెరిచాను. అప్పటికే ఆయన చెయ్యి బయలుదేరింది. ముందు పన్ను సగం పోయింది. కబురు తెలిసి మా బాపు ఆ రోజు కూలి పోగొట్టుకుని వచ్చాడు. నా నోరు చూసి తిట్టలేదు, "ఎంతయితదట?" అని మాత్రం అడిగాడు. పన్నుకు తొడుగు వేయించడానికి 4,000 రూపాయలు అయ్యాయి. అమ్మ బీడీలు చుట్టిన పైసల్లోంచి నెలల తరబడి ఆ అప్పు తీర్చాం. అప్పట్లో కొత్త మౌత్‌గార్డు ధర 200 రూపాయలు.

అందుకే పూర్వ విద్యార్థులకు నా మనవి. ఏటా మనం చందాలు వేసి ఆటసామాను ఇస్తున్నాం. కిందటేడు నిగనిగలాడే హెడ్‌గార్డులు రెండు కొని, దండ వేసి, ఫోటో దిగాం. ఫోటోలో బాగానే ఉన్నాయి. ఈసారి అవి వద్దు. ముందు ఆడే ప్రతి తమ్ముడికీ సొంతంగా ఒక మౌత్‌గార్డు, నడుము గార్డు, రెండు జతల చేతి బ్యాండేజీలు కొందాం. మిగిలితే స్పారింగ్ కోసమే వేరుగా గ్లోవ్స్. ఆ తర్వాతే హెడ్‌గార్డు. ఈ వరుస తలకిందులుగా ఉందని కొందరు అన్నలు అంటారని తెలుసు. "తల కంటే పళ్లు ముఖ్యమా" అని ఒక అన్న ఫోన్లో అననే అన్నాడు.

హెడ్‌గార్డు పనికిరాదని నేననడం లేదు. కనుబొమ్మ చీలకుండా, చెవి వాచకుండా, తలకు తల తగిలినప్పుడు పగలకుండా అది కాపాడుతుంది. కానీ దెబ్బకు తల గిర్రున తిరిగినప్పుడు లోపల మెదడు కదలడాన్ని అది ఆపలేదు. మన నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు ఆమె తలకు హెడ్‌గార్డు ఉంది. అదే నిజామాబాద్ హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు గెలిచినప్పుడు తల మీద ఏమీ లేదు. పెద్ద మగవాళ్ల పోటీల్లో 2013 నుంచే దాన్ని తీసేశారు. ఒలింపిక్స్‌లో అయితే 2016 రియో నుంచి. తీసేస్తే మెదడు దెబ్బలు తగ్గుతాయని అప్పటి అంతర్జాతీయ సంఘం చెప్పింది, డాక్టర్లలో దాని మీద ఇంకా వాదన ఉంది. అయినా మన స్పారింగ్‌లో పెట్టుకోవాల్సిందే, ముఖ్యంగా ఎదిగే పిల్లలు. నా భయం వేరే. హెడ్‌గార్డు పెట్టుకోగానే మన పిల్లలకు లేని ధైర్యం వస్తుంది. "గార్డు ఉంది కదా, కొట్టు" అంటారు. నేనూ అన్నాను.

అలా అన్న రోజుల్లోనే ఒక తమ్ముడు స్పారింగ్ అయ్యాక అన్నం ముందు కూర్చుని వాంతి చేసుకున్నాడు. తలనొప్పి అన్నాడు. ఎండ దెబ్బ అనుకున్నాం. వార్డెన్ సార్‌కు చెప్తే ఆట ఆపేస్తారని, ఆట ఆగితే స్పోర్ట్స్ కోటా పోతుందని ఎవరం చెప్పలేదు. మర్నాడు వాడి చేతికి గ్లోవ్స్ కట్టింది నేనే. వాడికేం కాలేదు, ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. అది మా తెలివి కాదు, వాడి అదృష్టం. తలకు దెబ్బ తగిలి పడిపోయిన బాక్సర్‌ను కనీసం 30 రోజులు బరిలోకి రానివ్వకూడదని అమెచ్యూర్ బాక్సింగ్ నియమం ఉంది, స్పారింగ్‌తో సహా. మేము 30 గంటలు కూడా ఆగలేదు. వాంతి, తలనొప్పి, మబ్బుగా ఉండటం, అడిగిందే మళ్లీ అడగడం, వీటిలో ఏది కనిపించినా ఆ పిల్లవాణ్ణి డాక్టరుకు చూపించాలి. డాక్టరు సరే అనేదాకా గ్లోవ్స్ ముట్టనివ్వకూడదు. కోటా పోతే పోనీ.

ఇక గ్లోవ్స్. షాపువాడు రంగు చూపిస్తాడు, మీరు పిడికిలి మీద బొటనవేలితో నొక్కి చూడండి. లోపలి వేళ్ల కణుపులు తగిలితే అది స్పారింగ్‌కు పనికిరాదు, ఎదుటివాడి ముఖానికి మీ ఎముకే తగులుతుంది. పోటీల్లో బరువును బట్టి 10 లేదా 12 ఔన్సులవి వాడతారు. ఒక ఔన్సు సుమారు 28 గ్రాములు. స్పారింగ్‌కు అంతకంటే మందమైనవి కావాలి, పెద్దవాళ్లకు 16, తేలికపాటి పిల్లలకు 12 నుంచి 14. ఇసుక బస్తాను గుద్దే గ్లోవ్స్‌తో స్పారింగ్ చేయకూడదు. బస్తా గుద్దీ గుద్దీ లోపలి మెత్త అణిగిపోయి ఉంటుంది. మనం చేసింది సరిగ్గా అదే, ఉన్న మూడు జతలతో అన్నీ చేశాం. ఇప్పుడు ఒక జతకు ఎర్ర పెయింటుతో 'బస్తా' అని రాసి వేరుగా పెట్టండి.

బ్యాండేజీకి డబ్బు లేదని ఎవరూ ఆగొద్దు. కొన్నవి నాలుగున్నర మీటర్ల పొడవు ఉంటాయి, మణికట్టుకు మూడు చుట్లు, పిడికిలికి మూడు చుట్లు వచ్చి వేళ్ల మధ్య తిరగడానికి సరిపోతాయి. నా మొదటి జత మా అమ్మ పాత నూలు చీర అంచు తీసేసి చించినది. సాగదు కాబట్టి బిగించి కట్టకూడదు, వేళ్లు తిమ్మిరెక్కితే విప్పి మళ్లీ కట్టుకోవాలి. కాస్మెటిక్ ఛార్జీల్లో వచ్చే సబ్బుతో రోజూ ఉతుక్కోండి. నడుము గార్డు గురించి అడగడానికి మన పిల్లలు సిగ్గుపడతారు. సిగ్గుపడే వస్తువును పదిమందికి ఒకటి ఇవ్వడం ఇంకా సిగ్గు.

వాసన సంగతికి వస్తాను. ఆ సంచి కంపు చెమటది మాత్రమే కాదు. తడి గ్లోవ్స్‌ను జిప్పు వేసి చీకట్లో పెడితే బూజు పెరుగుతుంది. ఆ రోజుల్లో మాలో సగం మందికి గడ్డం కింద, చెవుల వెనక తామర ఉండేది. సరిగ్గా హెడ్‌గార్డు పట్టీ తగిలే చోట్ల. నీళ్ల వల్ల అనుకున్నాం. మందుల షాపులో అడిగి క్రీము కొని అందరం పూసుకున్నాం. రెండు రోజుల్లో దురద తగ్గేది, మానేయగానే రెట్టింపుగా వచ్చేది. ఆ క్రీములో క్లోబెటాసాల్ అనే స్టెరాయిడ్ ఉందనీ, అది తామరను మొండిగా మారుస్తుందనీ తర్వాత ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మ డాక్టరమ్మ చెప్పింది. తామర ఉన్నవాడు తగ్గేదాకా స్పారింగ్‌కు రాకూడదు. వాణ్ణి వేరు చేసినట్టు కాదు, రేపు తమ్ముణ్ణి నేను ఆపితే కోపం తెచ్చుకోవద్దు.

ఆడిన తర్వాత గ్లోవ్స్ లోపల, బయట పొడిగుడ్డతో తుడిచి, పాత పేపరు ఉండలు చుట్టి కుక్కి, నోరు తెరిచి ఫ్యాను గాలికి వేలాడదీయాలి. మేడ మీద ఎండలో వేస్తే తోలు పెళుసెక్కి పగులుతుంది. నీళ్లలో నానబెట్టకూడదు. హెడ్‌గార్డు కొనేటప్పుడు పెట్టుకుని తల గట్టిగా ఊపి చూడండి, కళ్ల మీదికి జారితే అది మీది కాదు. బుగ్గలు పూర్తిగా కప్పేవి చూడ్డానికి భద్రంగా అనిపిస్తాయి గానీ, కింది నుంచి వచ్చే గుద్దు కనబడదు. ఇంకో చిన్న మాట. సాయంత్రం తలకు కొబ్బరినూనె పెట్టుకుని హెడ్‌గార్డు తొడగొద్దు. లోపలి మెత్త జిడ్డెక్కి జారుతుంది, తర్వాత ఎంత తుడిచినా పోదు. మన హెడ్‌గార్డులు పాడైంది దెబ్బలకంటే నూనెకే ఎక్కువ.

"మేం ఇవేవీ లేకుండానే మెడల్స్ తెచ్చాం" అనే అన్నలున్నారు. వాళ్ల మీద నాకు గౌరవమే. కానీ మెడల్ తెచ్చినవాళ్లే వార్షికోత్సవానికి వస్తారు. చెయ్యి బెణికి, చెవి పాడై, భయపడి మధ్యలో మానేసినవాళ్లు వచ్చి వేదిక మీద మాట్లాడరు. నాతో మొదలుపెట్టిన పద్నాలుగు మందిలో డిగ్రీ దాకా ఆడింది ముగ్గురం.

నలుగురు స్నేహితులం తలా కొంత వేసుకుని ఇప్పుడు ఆడుతున్న ఇరవై రెండు మందికీ మౌత్‌గార్డులు కొన్నాం. ఎర్రవి తీసుకోలేదు, పోటీల్లో ఒప్పుకోరు, రక్తం వస్తే కనబడదని. డబ్బీలకు గాలి ఆడే చిల్లులున్నాయి, మూత మీద మీ పేరు మీరే రాసుకోండి. తర్వాత ఎప్పుడూ చన్నీళ్లతోనే కడగాలి, వేడి నీళ్లు తగిలితే అచ్చు పోతుంది. పళ్లు ఇంకా వస్తున్న చిన్న క్లాసుల వాళ్లకు ఏడాదికో కొత్తది కావాలి, ఆ ఖర్చు వచ్చే ఏడు ఎవరు పెట్టుకుంటారో ఫంక్షన్ రోజే పేరు చెప్పండి. నడుము గార్డులు, 14 ఔన్సుల గ్లోవ్స్ రెండు జతలు ఇంకా మిగిలే ఉన్నాయి.

వార్షికోత్సవం మర్నాడు పొద్దున ఆరింటికి వంటగది దగ్గరకు రండి. కామాటి అన్నతో మాట్లాడాను, చాయ్ కంటే ముందు ఒక గిన్నె నీళ్లు కాచి ఇస్తానన్నాడు. ఒక్కొక్కరే రావాలి. ప్యాకెట్ మీద రాసినంత సేపు ముంచి, తీసి, కొరికి, పెదవుల మీంచి వేళ్లతో పళ్లకు అదుముకుని, చన్నీళ్లలో వేయాలి. నోరు తెరిచినా పడిపోకపోతే కుదిరినట్టు. పళ్లు తోముకుని రండి.