దేహములోని నీటి తూములు



వేసవిలో గోదావరి కాలువలు కట్టివేయు దినములు మనకు క్రొత్త కావు. నీరు రాదని ముందే యెరిగి చెరువులు నింపుకొందుము. గట్టున దాగియుండు గోండ్రుకప్పయు నిట్లే చేయును. దాని మూత్రాశయమే దానికి చెరువు. పలుచని మూత్రమును అందు నిలువచేసికొని, ఎండలు ముదిరినపుడు ఆ నీటినే మరల రక్తములోనికి తీసికొనును.

ఇది యెవరి యాజ్ఞచే జరుగును? శాస్త్రజ్ఞులు కప్ప మూత్రాశయమును చిన్న సంచివలె కట్టి, లోపల పలుచని ద్రవము పోసి, రక్తమంత ఉప్పదనముగల నీటిలో వ్రేలాడదీసి, మాటిమాటికి తూచిరి. బరువు మిక్కిలి కొద్దిగనే తగ్గెను. బయటి నీటిలో పీయూషగ్రంథికి సంబంధించిన హార్మోనును కలిపినంతనే సంచిలోని నీరు త్వరత్వరగా బయటికి పోవనారంభించెను. లాకు లస్కరు వచ్చి తూము తలుపెత్తినట్లయినది.

మనుష్యులలో ఆ లస్కరు పేరు వాసోప్రెసిన్. అయితే మనలో ఈ పని జరుగునది మూత్రాశయమున కాదు, మూత్రపిండములలోని చివరి గొట్టములలో. మూత్రపిండములు దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడగట్టును. బయటికి పోవునది లీటరున్నర, రెండు లీటర్లు మాత్రమే. తక్కినదానిలో పెద్దభాగము తనంతట తానే రక్తములో చేరును. కడపటి భాగమును ఎంత మిగుల్చుకొనవలెనో ఈ హార్మోను నిర్ణయించును. నీరు పోవు ఇట్టి సన్నని దారులను పీటర్ ఆగ్రె 1992లో గుర్తించి, 2003లో నోబెల్ బహుమానము పొందెను.

మందులును ఈ తూములపై చేయివేయును. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు అధిపతిగా నున్నపుడు ఆరియోమైసిన్ అను మందు రూపొందినది. అది లోకమునకు తెలిసిన 1948వ సంవత్సరముననే ఆయన కన్నుమూసిరి. ఆ మందునిచ్చిన సూక్ష్మజీవి జాతినుండియే, ఆయన తరువాత, అదే సంస్థలో డెమెక్లోసైక్లిన్ వెలువడెను. దానిని పుచ్చుకొనినవారిలో కొందరికి విపరీతమైన దాహము, అతిమూత్రము కలిగెను. కప్ప మూత్రాశయముపై పరీక్షింపగా, హార్మోను వచ్చినను తూము సరిగా తెరచుకొనుట లేదని తేలినది. హార్మోను మితిమీరి, ఒంట నీరు నిలిచి, ఉప్పు పలుచబడిన కొందరు రోగులకు వైద్యులు ఆ దోషమునే చికిత్సగా మార్చుకొనిరి.

ఇందు గృహిణులకు పని యేమి? మూడు మాటలు వినుడు.

మనోవ్యాధికి లిథియం వాడువారికిని ఇట్లే దాహము, అతిమూత్రము కలుగవచ్చును. వారిని నీళ్లు త్రాగవద్దని కసరరాదు. మందును మనమే మానిపింపరాదు. వైద్యునికి వెంటనే చెప్పవలెను.

పక్క తడుపు బిడ్డను కొట్టకుడు. కొందరు పిల్లలలో రాత్రివేళ ఈ హార్మోను చాలినంత పెరుగదు. అది వారి సోమరితనము కాదు. వైద్యుడు డెస్మోప్రెసిన్ ఇచ్చినచో, అది తూమును తెరచి నీటిని ఒంటిలోనే నిలుపును గనుక, మందు వేసిన రాత్రి నీరు ఎంతవరకు ఈయవచ్చునో అడిగి తెలిసికొని, ఆ హద్దు దాటరాదు. దాటినచో ఉప్పు పలుచబడి తలనొప్పి, వాంతులు, మూర్ఛ సైతము రావచ్చును.

ఇక ఇంటిలోని పెద్దలు. రక్తపుపోటుకై మూత్రము జారీచేయు మందులు గాని, కొన్ని మనోవ్యాధి మందులు గాని వాడుచున్న అత్తగారో మామగారో ఆకస్మికముగా మత్తుగా నుండి, పొంతనలేని మాటలాడినచో "వయసు మీద పడినది" అని ఊరకుండరాదు. ఉప్పు తగ్గియుండవచ్చును. ఆ దినముననే వైద్యునికి చూపి, వాడుచున్న మందులన్నియు చూపి, రక్తపరీక్ష చేయింపవలెను. ఇంటనే ఉప్పునీళ్లు పట్టి సరిపెట్టుకొనరాదు.

కాలువలో నీరు హెచ్చినను తగ్గినను ముందుగా కనిపెట్టునది రేవులో బిందె ముంచు ఇల్లాలే. ఇంటివారి దేహములలోని నీటినిగూర్చియు ఆమెయే ముందుగా కనిపెట్టగలదు.