ఢిల్లీలో కోతలు తగ్గాయి.. బాకీ పెరిగింది

విద్యుత్ సంస్కరణల చర్చలో ప్రైవేటీకరణకు అనుకూలంగా ముందుగా చూపే ఉదాహరణ ఢిల్లీ. 2002 జూలై 1న అక్కడి విద్యుత్ బోర్డు స్థానంలో మూడు డిస్కంలు వచ్చాయి. 51 శాతం వాటా ప్రైవేటు సంస్థలది, 49 శాతం ప్రభుత్వానిది. చౌర్యం, పాత లైన్లు, వసూలు కాని బిల్లుల వల్ల అప్పట్లో సరఫరా చేసిన కరెంటులో దాదాపు సగానికి డబ్బు వచ్చేది కాదు. ఇప్పుడు ఆ నష్టాలు పది శాతం లోపే. 2024 జూన్ 19న 8,656 మెగావాట్లకు చేరిన డిమాండ్‌నూ డిస్కంలు తీర్చాయి.

అయితే ఖర్చు పెరిగినంతగా ఛార్జీలు పెరగలేదు. ఆ తేడాను నియంత్రణ కమిషన్ ఏళ్ల తరబడి 'రెగ్యులేటరీ ఆస్తి'గా రాసి వాయిదా వేసింది. పేరుకు ఆస్తి, నిజానికి జనం తీర్చాల్సిన బాకీ. అది 27,200 కోట్ల రూపాయలకు చేరింది. పైగా వడ్డీ.

పాత బకాయిలను 2024 ఏప్రిల్ 1 నుంచి ఏడేళ్లలోపు తీర్చాలని 2025 ఆగస్టు 6న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇది అన్ని రాష్ట్రాలకూ వర్తిస్తుంది. ఢిల్లీలో నెలకు 200 యూనిట్ల వరకు కరెంటు ఉచితం కాబట్టి ఆ ఇళ్ల భారం ఖజానాపై, మిగతాది బిల్లులపై పడుతుంది.

ట్రూఅప్ ఛార్జీలు చూసిన తెలుగువారికి ఇది కొత్త కాదు. డిస్కం యజమాని మారితే చౌర్యం తగ్గవచ్చు. ఎన్నికలను చూసి ధర నిర్ణయించే అలవాటు మాత్రం కమిషన్‌కు నిజమైన స్వతంత్రత ఉంటేనే మారుతుంది.