వాము ఆకు: ఎంతవరకు వైద్యం?

కార్తీకం వచ్చిందంటే మా కోవూరులో ఏ ఇంట చూసినా దగ్గు, పడిశమే. మన నెల్లూరు సీమకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా! ఆ మూడు నెలలూ మా వీధివాళ్ళ చూపంతా మా పెరట్లో వాము ఆకు మొక్క మీదే. "అత్తా, అమ్మ నాలుగాకులు తెమ్మనింది" అంటూ పిల్లలు పొద్దున్నే వచ్చేస్తారు. ఈ వారం ఆ ఆకు సంగతే చెప్పుకుందాం.

ముందుగా ఒక మాట. చాలామంది అనుకునేట్టు, మనం జంతికల్లో వేసే వాము ఈ మొక్కకు కాయదు. ఆ వాము మొక్కది కొత్తిమీర, జీలకర్రల కుటుంబం. వాము ఆకుది తులసి, పుదీనాల కుటుంబం. రెండింటిలోనూ థైమాల్ వంటి ఘాటైన పదార్థాలు ఉండడంవల్ల వాసన కలిసింది, వాసనతోపాటు పేరూ కలిసింది. తమిళులు దీన్ని కర్పూరవల్లి అంటారు. కన్నడం వాళ్ళు దొడ్డపత్రె అనీ, మలయాళం వాళ్ళు పనికూర్క అనీ అంటారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కోలియస్ అంబోయినికస్. ఇండోనేషియాలోని అంబోయినా దీవి పేరుమీద 1790లో పెట్టారు. ఆ దేశంలోనే సుమత్రా దీవిలో బతక్ జాతివాళ్ళు పాలు బాగా పడతాయని బాలింతలకు ఈ ఆకు కూర వండి పెడతారట. అటు క్యూబాలోనేమో మాంసం కూరల్లో వేస్తారు.

ఇక మన ఇళ్ళలో వాడుక మీకు తెలియంది కాదు. గొంతు గరగరమంటుంటే అయిదారు ఆకులు, నాలుగు మిరియాలు, చిన్న అల్లంముక్క దంచి రెండు గ్లాసుల నీళ్ళలో వేసి, గ్లాసుడు అయ్యేదాకా మరిగించి, వడగట్టి గోరువెచ్చగా తాగుతాం. కడుపు ఉబ్బరంగా ఉంటే ఒక ఆకు ఉప్పుకల్లుతో నమిలి మింగుతాం. చీమో దోమో కుడితే ఆకు నలిపి రుద్దుతాం. పెద్దవాళ్ళకు ఇవన్నీ హాయినిచ్చేవే. గర్భిణీలు మాత్రం డాక్టరును అడగకుండా మందులాగా రోజూ తాగవద్దు.

చంటిబిడ్డల దగ్గరికి వచ్చేసరికే జాగ్రత్త కావాలి. ఇది నేను పుస్తకంలో చదివి చెప్తున్నది కాదు, నా తప్పు నేను చెప్పుకుంటున్నా.

మా చిన్నవాడు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. వాడికి ఎనిమిది నెలలప్పుడు, ఇట్లాంటి వానల్లోనే పడిశం చేసింది. మా అత్తయ్య ఆకులు పెనం మీద వాడ్చి, రసం పిండి, తేనె కలిపి నాకించింది. మా పెద్దదానికి అట్లానే తగ్గింది కదా అని నేనూ ధైర్యంగా ఉన్నా. రెండో రోజుకు దగ్గు ఎక్కువైంది. ఇంకో రెండాకులు పిండాం. మూడో రోజు పొద్దున వాడు పాలు పట్టుకోలేదు. "ఆకు పనిచేస్తోందిలే, కఫం కరుగుతోంది" అనుకున్నాం. అప్పుడే టీకాల పనిమీద వచ్చిన నర్సమ్మ వాడి చొక్కా పైకెత్తి, చేతి గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టింది. నిమిషానికి 64. పక్కటెముకల కింద గుంటలు పడుతున్నాయి. "అమ్మా, ఇది పడిశం కాదు. ఇప్పుడే నెల్లూరు తీసుకెళ్ళు" అంది. న్యుమోనియా. ఆరు రోజులు ఆస్పత్రిలో ఉన్నాం. బిడ్డ దక్కాడు. ఇంకొక్క రోజు ఆగివుంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అర్ధరాత్రి మెలకువ వస్తుంది.

మా అత్తయ్యను నేను ఒక్క మాటా అనలేదు. ఆమెకు తెలిసింది ఆమె ప్రేమగా చేసింది. ఆకు తప్పూ కాదు. ఆకును నమ్ముకుని మేం ఆలస్యం చెయ్యడం తప్పు. ఈ ఆకు రసం ప్రయోగశాలలో కొన్ని క్రిములను చంపుతుందని పరీక్షల్లో తేలిన మాట నిజమే. కానీ గాజుపళ్ళెంలో క్రిమిని చంపడం వేరు, బిడ్డ ఊపిరితిత్తుల్లో జబ్బు నయం చెయ్యడం వేరు.

అందుకని ఈ నాలుగు మాటలు వంటింటి గోడమీద రాసిపెట్టుకోండి.

1. ఆరు నెలలదాకా బిడ్డకు తల్లిపాలు తప్ప ఏ రసమూ వద్దు. ఆ తర్వాత కూడా డాక్టరును అడక్కుండా ఇవ్వొద్దు.

2. ఏడాది నిండేదాకా తేనె నాకించవద్దు. అందులో ఉండే ఒక రకం క్రిమి పసిబిడ్డకు ప్రాణాపాయం తేవచ్చు.

3. ఆకు రసంగానీ నూనెగానీ పిల్లల ముక్కులో చుక్కలుగా వెయ్యొద్దు.

4. దగ్గున్న బిడ్డ ఏడవకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు పూర్తి నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ళలోపు 40. అంతగానీ అంతకుమించిగానీ ఉంటే వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా, మగతగా పడివున్నా ఈ లెక్క కూడా చూడొద్దు. 108కి ఫోన్ చెయ్యండి.

భయపెట్టానా? అయితే ఇప్పుడు ఇంటిల్లిపాదీ తినేది ఒకటి చెప్తా.

వాము ఆకు పెరుగు పచ్చడి: పది లేత ఆకులు కడిగి, తడి ఆరనిచ్చి, చెంచాడు నేతిలో అర చెంచా జీలకర్ర, రెండు పచ్చిమిరపకాయలతో కలిపి ఆకు ముడుచుకునేదాకా వేయించాలి. చల్లారాక రెండు చెంచాల పచ్చికొబ్బరి, ఉప్పు వేసి మెత్తగా నూరి, కప్పు చిలికిన పెరుగులో కలపాలి. ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ తిరగమాత పెడితే సరి. వేడన్నంలో చాలా బాగుంటుంది. మిగిలిన ఆకులను శనగపిండిలో ముంచి బజ్జీలు వేస్తే పిల్లలు పళ్ళెం ఖాళీ చేస్తారు.

మొక్క పెంచడం చాలా తేలిక. జానెడు కొమ్మ విరిచి, కింది ఆకులు తీసేసి, సగం ఇసుక కలిపిన మట్టిలో గుచ్చితే రెండు మూడు వారాల్లో వేళ్ళు పోసుకుంటుంది. నీళ్ళు నిలిస్తే మాత్రం కుళ్ళిపోతుంది. 2021 నవంబరులో పెన్నకు పెద్ద వరద వచ్చి పడుగుపాడు దగ్గర రహదారి కోసుకుపోయినప్పుడు మా పెరట్లోనూ నీళ్ళు నిలిచి, మా పాత మొక్క మొదలంటా కుళ్ళింది. అంతకుముందు ఎప్పుడో నేను కొమ్మ ఇచ్చిన పక్కవీధి అక్కయ్య, తన మిద్దెమీది కుండీలోంచి ఒక కొమ్మ తెచ్చి నాకే తిరిగి ఇచ్చింది. ఇప్పుడు పెరట్లో ఉన్నది దాని పిలకే.

అప్పట్నుంచి ఎవరు అడిగినా కొమ్మ ఇస్తున్నా. చంటిబిడ్డ ఉన్న ఇల్లయితే, కొమ్మతోపాటు ఊపిరి లెక్కపెట్టడం కూడా నేర్పి పంపిస్తున్నా. మీరూ అట్లానే చెయ్యండమ్మా.